విశ్వవిద్యాలయంలో 'ఉద్యోగి' ఎవరు? సేవా ప్రయోజనాల చరిత్ర

ధూళిమిట్ట మండలంలో 'పింఛను' అన్న మాట వినిపిస్తే, అది ఎవరి నోట వచ్చిందో చూడాలి. ఒక ముసలమ్మ అంటే అది ఆసరా పింఛను. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ పథకం కింద 2019 నుంచి వృద్ధులకు నెలకు 2,016 రూపాయలు అందుతున్నాయి. ఇదే మండలంలోని బైరాన్‌పల్లిలో ఒక పెద్దాయన అంటే అది స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కావచ్చు. రిటైరైన పంతులుగారు అంటే అది ఉద్యోగ విరమణ పింఛను. మాట ఒక్కటే, హక్కులు మూడు. మొదటిది పేదరికాన్ని బట్టి, రెండోది త్యాగాన్ని బట్టి, మూడోది చేసిన ఉద్యోగాన్ని బట్టి వస్తుంది. ఈ వ్యాసం మూడోదాని గురించి, అందులోనూ విశ్వవిద్యాలయాల్లో పనిచేసే వారి గురించి. అయితే మొదటి రెండింటినీ పూర్తిగా పక్కన పెట్టలేం. మూడింటిలోనూ అసలు పేచీ ఒకటే: 'నువ్వు ఆ జాబితాలోకి వస్తావా, రావా?'

బైరాన్‌పల్లి సంగతి మీకు తెలిసినదే. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం కలిసి ఆ ఊరి మీద పడి వందమంది దాకా చంపారు. ఊరివాళ్లు కాపు కాసిన బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. కేంద్ర ప్రభుత్వం 1972లో సమరయోధుల పింఛను పెట్టి, 1980లో దాన్ని విస్తరించింది. అప్పుడు అడిగింది కాగితం: జైలులో ఉన్నట్టో, అజ్ఞాతంలో ఉన్నట్టో రుజువు. బురుజు మీద రాత్రంతా కాపలా కాసినవాడికి ఆ కాపలాకు రసీదు ఎవరిస్తారు? విశ్వవిద్యాలయ ఉద్యోగుల చరిత్ర చదివేటప్పుడు ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి. పనిచేయటం వేరు, పనిచేసినట్టు లెక్కలోకి రావటం వేరు.

వతను నుంచి జీతానికి

నెల జీతం, దాని వెనుక భత్యాలు, సెలవులు, పింఛను అనే ఏర్పాటు మన ప్రాంతానికి కొత్తదే. నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో (1853–1883) పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు శిస్తు వసూలును గుత్తకు తీసుకునే తాలూక్‌దార్లు ఉండేవారు. వాళ్లకు జీతం లేదు. వసూలులో వాటా ఉండేది. సాలార్‌జంగ్ వాళ్ల స్థానంలో జీతగాళ్లను నియమించాడు. 1865లో జిలాబందీతో జిల్లాలు, వాటి అధికారుల అంతస్తులు ఏర్పడ్డాయి. జీతం తీసుకునే అధికారికి బదిలీ ఉంటుంది, పదోన్నతి ఉంటుంది, ఒకరోజు విరమణ కూడా ఉంటుంది. విరమణ తరువాత ఏమిటన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

ఈ మార్పు ఊరి దాకా రాలేదు. మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ వతనుదార్లుగానే కొనసాగారు. వాళ్ల పదవి వారసత్వంగా వచ్చేది, ఆదాయం వసూలు మీద రుసుముగా వచ్చేది. వాళ్ల కింద సుంకరి, నీరటి, మస్కూరి వంటివాళ్లకు ఇనాం చెక్కో, కళ్లం దగ్గర ధాన్యమో దక్కేది. చెరువు తూము దగ్గర ముప్పై ఏళ్లు నిలబడ్డ నీరటికి విరమణ వయసు లేదు, కాబట్టి విరమణ ప్రయోజనమూ లేదు. అతని ముసలితనానికి భరోసా అతని కొడుకు అదే పని చేయటమే. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులను రద్దు చేసినప్పుడు, ఆ చట్టం పేరులోనే వాళ్లను 'పార్ట్‌టైమ్' గ్రామాధికారులు అన్నారు. ఆ విశేషణం చిన్నదిగా కనిపిస్తుంది. పార్ట్‌టైమ్, తాత్కాలిక, గౌరవ వేతనం, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వంటి విశేషణాలు విశ్వవిద్యాలయాల్లోనూ ఎంత దూరం లాక్కుపోతాయో ముందు ముందు చూస్తారు.

నిజాం రాజ్యం తన జీతగాళ్ల కుటుంబాల గురించి ఆలోచించటం 1907 నాటికే మొదలైంది. ఆ ఏడాది ఉద్యోగుల కోసం ఏర్పడిన నిధి కాలక్రమంలో జీవిత బీమాగా మారింది. నేటి ప్రభుత్వ జీవిత బీమా శాఖకు మూలం అదే. మీ ఇంట్లో ప్రభుత్వ టీచరు ఉంటే వారి జీతం బిల్లులో నెలనెలా కోత పడే ఆ బీమా వయసు వందేళ్లు దాటింది.

రెండు నగరాలు, ఒకే కాలం

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917లో ఫర్మానా వెలువడింది, 1918లో అది ఏర్పడింది, 1919 ఆగస్టులో తరగతులు మొదలయ్యాయి. సరిగ్గా అదే సమయంలో అమెరికాలో విశ్వవిద్యాలయ అధ్యాపకుల పింఛను విషయమై ఒక గుణపాఠం నేర్చుకుంటున్నారు. అది మనకూ పనికివస్తుంది.

ఉక్కు వ్యాపారంలో గడించిన ఆండ్రూ కార్నెగీ, కాలేజీ అధ్యాపకులు ముసలితనంలో చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఉండటం చూసి, 1905లో కోటి డాలర్లతో ఒక ఫౌండేషన్ పెట్టాడు. అధ్యాపకుడు ఒక్క డాలరు కట్టనక్కరలేదు. పింఛను ఉచితం. వినటానికి ఎంతో బాగుంది. కాని డబ్బు ఇచ్చేవాడికి 'ఎవరికి ఇవ్వాలి' అని తేల్చే అధికారం కూడా దక్కింది. చర్చిల ఆధీనంలోని కాలేజీలకు ఇవ్వమన్నారు. పింఛను కోసం కొన్ని కాలేజీలు చర్చితో బంధం తెంచుకున్నాయి. 'అసలైన కాలేజీ' ఏదో తేల్చటానికి, హైస్కూలులో నిర్ణీత గంటల చదువును ఒక యూనిట్‌గా లెక్కగట్టి, పద్నాలుగు యూనిట్లు చదివినవారినే చేర్చుకునే కాలేజీలకు అర్హత అన్నారు. మీ డిగ్రీలో ప్రతి కోర్సు పక్కన కనిపించే 'క్రెడిట్' ఈ యూనిట్ వంశంలోదే. చదువును గంటల్లో కొలిచే అలవాటు ఒక పింఛను జాబితా తయారు చేయబోయి పుట్టిందంటే ఆశ్చర్యమే.

ఆ ఉచిత పింఛను ఎక్కువ కాలం నడవలేదు. అధ్యాపకుల సంఖ్య పెరిగింది, రిటైరైనవారు లెక్కకు మించి బతికారు, కోటి డాలర్లు చాలవని తేలింది. 1918లో అధ్యాపకుడూ కాలేజీ చెరికొంత జమ చేసే బీమా, యాన్యుటీ సంఘం ఏర్పడింది. దయతో ఇచ్చే పింఛను ఒకటి, ఉమ్మడి జమతో పెరిగే నిధి మరొకటి. ఈ రెండింటి మధ్య ఊగిసలాట మన దేశంలో 2004లో మళ్లీ వచ్చింది. అది అప్పుడు చూద్దాం.

బస్సు డ్రైవరు విశ్వవిద్యాలయ ఉద్యోగి కాడా?

స్వాతంత్ర్యం తరువాత విశ్వవిద్యాలయంలో పనిచేసేవారి హోదా గురించి సుప్రీంకోర్టు చెప్పిన తొలి ముఖ్యమైన తీర్పు 1963లోనిది. ఢిల్లీ విశ్వవిద్యాలయం అమ్మాయిల కోసం బస్సులు నడిపేది. నష్టం వస్తోందని ఆ సర్వీసు ఆపి, డ్రైవర్లను తీసేసింది. డ్రైవర్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద నష్టపరిహారం అడిగారు. ట్రిబ్యునల్ వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. 'ఢిల్లీ విశ్వవిద్యాలయం వర్సెస్ రాంనాథ్' కేసుగా అది సుప్రీంకోర్టుకు చేరింది. జస్టిస్ గజేంద్రగడ్కర్ ఇచ్చిన తీర్పు సారం ఇది: విశ్వవిద్యాలయం చేసే అసలు పని విద్య. ఆ పని చేసేవారు అధ్యాపకులు. వారు కార్మికులు కారు. డ్రైవర్లు, ప్యూన్ల వంటివారి పాత్ర అందులో చిన్నది. కాబట్టి విశ్వవిద్యాలయం 'పరిశ్రమ' కాదు, పరిహారం రాదు.

ఈ తర్కాన్ని నిదానంగా మళ్లీ చదవండి. విద్య గొప్ప పని అన్న గౌరవంతో మొదలై, ఆ గౌరవం బరువంతా డ్రైవరు మీద పడింది. పెద్ద పని చేసేవారి హోదా కాపాడటం కోసం చిన్న పని చేసేవారి హక్కు పోయింది.

పదిహేనేళ్లకు, 1978 ఫిబ్రవరి 21న, బెంగళూరు నీటి సరఫరా సంస్థ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాంనాథ్ తీర్పును తోసిపుచ్చింది. యజమాని, ఉద్యోగి సహకారంతో ప్రజల అవసరం తీర్చే సేవ క్రమబద్ధంగా సాగితే అది పరిశ్రమే, విశ్వవిద్యాలయమైనా సరే అని జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. అప్పటి నుంచి ప్రయోగశాల సహాయకుడు, తోటమాలి, డ్రైవరు ఆ చట్టం నీడలోకి వచ్చారు. అధ్యాపకులు మాత్రం 'కార్మికులు' కారని 1988లో సుందరాంబాళ్ కేసులో కోర్టు మళ్లీ చెప్పింది. ఒకే ఆవరణలో రెండు రకాల ఉద్యోగులు, రెండు దారులు ఏర్పడ్డాయి.

1982

మన విషయంలో గుర్తుపెట్టుకోదగ్గ ఏడాది ఏదని పరీక్షలో అడిగితే 1982 అని రాయవచ్చు. ఆ ఏడాది మార్చి నుంచి ఉద్యోగుల భవిష్య నిధి చట్టం విశ్వవిద్యాలయాలు, కాలేజీలు, పాఠశాలలకు వర్తించింది. 1952 నాటి ఆ చట్టం అందాకా ఎక్కువగా ఫ్యాక్టరీలది. ఇరవై, అంతకు మించి ఉద్యోగులు ఉన్న విద్యాసంస్థలు, ప్రభుత్వ నిబంధనల ప్రకారం పింఛను ఉన్నవి మినహా, దాని కిందికి వచ్చాయి. ఆగస్టు 26న దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడింది. జి. రాంరెడ్డి దాని తొలి ఉపకులపతి. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది.

నకారా కేసు సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. 1979లో కేంద్రం పింఛను లెక్కను మెరుగుపరిచింది. కాని 1979 మార్చి 31న, ఆ తరువాత రిటైరైనవారికే అది వర్తిస్తుందంది. ముందు రోజు దిగిపోయినవాడికి పాత లెక్క. ఇద్దరూ ఒకే పని ఒకేలా చేశారు, తేదీ ఒక్కటే తేడా. ఆ గీత చెల్లదని కోర్టు కొట్టేసింది. పింఛను యజమాని దయ కాదు, బహుమానం కాదు, గతంలో చేసిన సేవకు చెల్లింపు అని చెప్పింది. పింఛనుదారులు ఏటా డిసెంబరు 17న జరుపుకునే దినోత్సవం ఈ తీర్పు పేరు మీదే. దీని విలువ తెలియాలంటే 1871 నాటి పింఛన్ల చట్టం తలుచుకోండి. బ్రిటిష్ ఇండియాలో పింఛను మీద సివిల్ కోర్టుకు వెళ్లటానికి ఆ చట్టం కలెక్టరు అనుమతి పత్రం అడిగేది. దయగా ఇచ్చినదాని మీద దావా ఏమిటన్నది అప్పటి ధోరణి. 1971లో బీహారు విద్యాశాఖ ఉద్యోగి దేవకీనందన్ ప్రసాద్ కేసులో పింఛను ఉద్యోగి ఆస్తి అని కోర్టు అన్నాక, దానికి కొనసాగింపుగా నకారా వచ్చింది.

ఇక సార్వత్రిక విశ్వవిద్యాలయం విషయం. దూరవిద్య పెద్ద ఖర్చు లేకుండా లక్షలమందికి అందటానికి ఒక కారణం దాని నిర్మాణంలోనే ఉంది. కేంద్ర కార్యాలయంలో శాశ్వత సిబ్బంది తక్కువ. అధ్యయన కేంద్రాలు ఇతర కాలేజీల గదుల్లో ఉంటాయి. ఆదివారం మీకు తరగతి చెప్పే కౌన్సెలర్ మరో చోట ఉద్యోగి. ఇక్కడ తరగతికి ఇంత అని గౌరవ వేతనం. మరో చోట శాశ్వత ఉద్యోగం ఉంటే ఆ ఏర్పాటు సౌకర్యమే. లేకపోతే? ఈ ఆదివారాలన్నీ కలిపినా ఏ సేవాపుస్తకంలోనూ ఒక్క రోజుగా చేరవు. మీ ఫీజు తక్కువగా ఉండటంలో ఆయన వంతు కూడా ఉంది.

2004 సెప్టెంబరు 1

నకారా కొట్టేసిన తేదీ గీత ఇరవై రెండేళ్లకు మరో రూపంలో వచ్చింది. కేంద్రం 2004 జనవరి 1 నుంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరేవారికి పాత పింఛనును ఆపి, వాటాల పింఛను పథకం పెట్టాయి. పాత పింఛను నిబంధనల కిందికి వచ్చే విశ్వవిద్యాలయాల కొత్త నియామకాలూ దీనిలోకే వచ్చాయి. రిటైరయ్యే తేదీని బట్టి కాక చేరే తేదీని బట్టి గీత గీసినందువల్ల, ఇది నకారా దెబ్బకు అందదని వాదన. న్యాయపరంగా అది నిలబడుతుందేమో. ఒకే శాఖలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు అధ్యాపకులకు మాత్రం అది అదే గీతలా కనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. పాత విధానంలో అర్హ సేవాకాలాన్ని అర్ధ సంవత్సరాల్లో కొలిచి, చివరి మూలవేతనంతో గుణించి 132తో భాగిస్తారు. చివరి మూలవేతనం 99,000 రూపాయలు, సేవ 33 ఏళ్లు అనుకుంటే, 66 అర్ధ సంవత్సరాలకు పింఛను 49,500. సేవ 20 ఏళ్లయితే, 40 అర్ధ సంవత్సరాలకు 30,000. వెయిటేజీ వంటి చేర్పులను ఇక్కడ పక్కన పెట్టాం. దీని మీద కరువు భత్యం ఎప్పటికప్పుడు పెరుగుతుంది. ఉద్యోగి ముందుగా ఏమీ జమ చేయనక్కరలేదు. కొత్త విధానంలో ఉద్యోగి మూలవేతనం, కరువు భత్యాల్లో 10 శాతం కడతాడు, యజమాని తన వాటా కలుపుతాడు, ఆ సొమ్ము మార్కెట్లో పెరుగుతుంది. విరమణ నాటికి కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి, మిగిలింది చేతికి వస్తుంది. నెలకు ఎంత వస్తుందో ముందు చెప్పేవారు లేరు. కార్నెగీ ఫౌండేషన్‌కు ఎదురైన చిక్కు, అంటే పింఛనుదారులు ఎక్కువ కాలం బతికితే ఎవరు భరించాలన్నది, ఇక్కడ ఉద్యోగి వైపు జరిగింది. ఈ పథకంపై నిరసన ఆగలేదు. రాజస్థాన్ 2022లో పాత పింఛనుకు తిరిగి వెళ్లింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి కనీస హామీతో మరో పథకాన్ని ఐచ్ఛికంగా తెచ్చింది.

'టీచరు ఏ రకం పని చేస్తాడు?'

గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చింది. అయిదేళ్ల సేవ నిండితే, ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున ఇవ్వాలి. నెలకు ఇరవై ఆరు పనిదినాలుగా లెక్క. నెల వేతనం 26,000 అయితే రోజుకు 1,000. పదేళ్లకు 1,50,000 రూపాయలు. ఇంత సులువైన లెక్కలోనూ 'ఎవరికి' అన్న చిక్కు తప్పలేదు. ఆ చట్టంలో ఉద్యోగి అంటే నైపుణ్యం ఉన్న, అంతంత మాత్రం ఉన్న, లేని పనులు, శారీరక, పర్యవేక్షక, సాంకేతిక, గుమాస్తా పనులు చేసేవాడు అని జాబితా ఉండేది. విద్యాసంస్థలకు ఆ చట్టం 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించింది. కాని పాఠం చెప్పటం ఈ జాబితాలో ఏ రకం? 2004 జనవరిలో అహ్మదాబాదు ప్రైవేటు ప్రాథమిక ఉపాధ్యాయుల కేసులో సుప్రీంకోర్టు, ఏ రకమూ కాదు, కాబట్టి టీచరుకు గ్రాట్యుటీ రాదు అంది. బడి గుమాస్తాకు వస్తుంది, పంతులుకు రాదు! పార్లమెంటు 2009లో నిర్వచనం మార్చి, 1997 నుంచే వర్తించేలా చేసింది. ప్రైవేటు బడుల సంఘాలు దాన్ని సవాలు చేస్తే, 2022 ఆగస్టులో కోర్టు ఆ సవరణ చెల్లుతుందంది. రాంనాథ్ కేసులో అధ్యాపకుడి గౌరవం డ్రైవరుకు అడ్డం వచ్చింది, ఇక్కడ అదే గౌరవం అధ్యాపకుడికే అడ్డం వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఆ చట్టం స్థానాన్ని తీసుకుంది. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది సేవతోనే గ్రాట్యుటీ అర్హత అందులో వచ్చింది.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది విషయం ఇంకా తెగలేదు. 2000 మార్చి 8న, ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద రోజుకూలీ చేసే మహిళలకు కూడా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో, సరైన నియామక పద్ధతి లేకుండా చేరినవారికి క్రమబద్ధీకరణ హక్కుగా రాదంది. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో, ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి శాశ్వత స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలంది. మూడూ కలిపి చదివితే దొరికేది ఇది: పనికి వేతనం అడగవచ్చు, కాన్పుకు సెలవు అడగవచ్చు, పదవిని మాత్రం అడగలేరు. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో ఏళ్లుగా పాఠాలు చెబుతున్న కాంట్రాక్టు అధ్యాపకులు క్రమబద్ధీకరణ కోసం రోడ్డెక్కుతున్నది ఈ చివరి మాట దగ్గరే.

మీ ఇంటి కాగితాలు

ఈ చరిత్ర చదివాక మీకు ఒక చిన్న పని. మీ ఇంట్లోనో, బంధువుల్లోనో, ఊళ్లోనో బడి, కాలేజీ, విశ్వవిద్యాలయాల్లో పనిచేసినవారు ఒకరిని, వారి అనుమతితో, కలవండి. వారి మొదటి నియామక ఉత్తర్వు చూపించమనండి. దాని మీద తేదీ 2004 సెప్టెంబరు 1కి ఇవతలా, అవతలా? ఉత్తర్వు ఇచ్చింది సంస్థా, ఏజెన్సీయా? 'తాత్కాలిక', 'గౌరవ వేతనం' వంటి మాటలు ఎక్కడ ఉన్నాయి? సేవాపుస్తకం ఉంటే మధ్యలో ఖాళీలు ఉన్నాయేమో చూడండి. జీతం లేని సెలవు సక్రమంగా నమోదు కాక, అర్హ సేవాకాలంలో ఏడాది తగ్గిపోయి, పింఛను కాగితాలు నెలల తరబడి తిరిగి రావటం మామూలే. నామినేషన్ ఎవరి పేరు మీద ఉంది? పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, తరువాత మార్చనివారు చాలామంది. భవిష్య నిధి ఖాతా ఉంటే, ఆధార్‌లోని పేరూ అందులోని పేరూ ఒకేలా ఉన్నాయా? ధూళిమిట్టలో ఇంటి పేరు ముందు రాసేవారు, ముంబయిలో పనిచేసి వచ్చాక చివర రాసేవారు ఒకే మనిషి కావచ్చు.

చూసినవి రెండు పేజీల్లో రాయండి. ఆ మనిషి ఎన్నేళ్లు పనిచేశారో ఒక పక్క, కాగితం ఎన్నేళ్లని చెబుతోందో మరో పక్క రాసి, తేడా ఎందుకు వచ్చిందో వారి మాటల్లోనే నమోదు చేసి, వచ్చే ఆదివారం తరగతికి తీసుకురండి.